చీటీ ఫోనులోకి వచ్చిన ఏడాది

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, కోల్‌కతా వైపు మా రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్‌లో మా కొట్టుకొచ్చి ఇడ్లీ తిన్నవాళ్ళు ఎవరైనా చెబుతారు. పెనం ముందు మా ఆయన, గల్లాపెట్టె ముందు నేను. ఆయన మాట్లాడడు, నేను ఆపను. మా మామగారు పెట్టిన కొట్టు అది. మా తిండి, ఇంటి అద్దె, మా అమ్మాయి చదువు అన్నీ అందులోంచే వచ్చాయి. అలాంటి కొట్టు ఒకసారి చేజారిపోబోయింది. ఆ కథ చెప్పాలంటే ముందు మా చీటీ సంగతి చెప్పాలి.

ఇక్కడి తెలుగు ఆడవాళ్ళం కొందరం కలిసి ఏళ్ళ తరబడి చీటీ వేసుకుంటున్నాం. నెలనెలా తలా కొంత వేస్తాం, పోగైన మొత్తం ఒకరు తీసుకుంటారు. ఎవరన్నది స్టీలు గ్లాసులో పేర్ల కాగితాలు వేసి తీస్తాం. ఎవరికైనా మరీ అవసరం పడిన నెల మాత్రం గ్లాసు పక్కన పెట్టేస్తాం. ఆ మనిషి నోరు తెరిచి అడగాలి, మిగతా అందరూ సరే అనాలి. ఒక్కరు కాదన్నా మళ్ళీ గ్లాసే. ఈ పద్ధతి పెట్టింది పెద్దమ్మ. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. వాళ్ళ రైల్వే క్వార్టర్ వరండాలోనే కూర్చునేవాళ్ళం, వసూలైన డబ్బు వాళ్ళ బీరువాలోనే ఉండేది.

ఒక ఆదివారం పెద్దమ్మ చేతులెత్తేసింది.

"నాకింక సేత కాదే. రాత్రిపూట పిల్లి గెంతినా దొంగోడే అనుకుంటన్నాను. ఈ డబ్బులు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కంటి మీద కునుకు నేదు. ఎవులైనా తీసుకోండి."

ఎవరూ తీసుకోలేదు. దొంగల భయం అందరికీ ఉంది మరి.

అప్పుడు మా అమ్మాయి అక్కడే ఉంది. కోల్‌కతాలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తుంది, సెలవుకి వచ్చింది. ఆఫ్రికాలో, ఉగాండా పల్లెల్లో ఆడవాళ్ళు నడుపుకునే పొదుపు సంఘాలను ఫోనులోకి ఎక్కించే యాప్ వాళ్ళది. అదే మనకీ పనికొస్తుందంటూ ఒక వీడియో చూపించింది. రేకుల షెడ్డు కింద ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. మధ్యలో ఇనప్పెట్టె, దానికి మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురి దగ్గర విడివిడిగా ఉంటాయట, ఒక్కరు రాకపోయినా పెట్టె తెరుచుకోదట. డబ్బు వేసిన ప్రతి మనిషికీ మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. యాప్‌లో పెట్టే ఉండదు, తాళంచెవుల బదులు ఎవరి ఫోనులో వాళ్ళు నొక్కి ఒప్పుకోవాలి.

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఓలమ్మో! ఈళ్ళూ మనలాగే కింద కూకున్నారే. ఆ కొసనున్నామిని సూడండి, మూతి ముడుసుకుని. అచ్చం ఇదే!" అని నన్ను చూపించింది.

అందరూ పడీ పడీ నవ్వారు. వదిన కూడా నవ్వింది. అది మాత్రం నాకు నచ్చలేదు.

వదిన అన్నది పిలుపే, చుట్టరికం లేదు. పూరీ గేట్ దగ్గర ఉంటారు, వాళ్ళాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకప్పుడు మేం కంచం పొత్తూ మంచం పొత్తూగా ఉండేవాళ్ళం. ఒక చలికాలం పొద్దున్న, కొట్టు నిండా జనం ఉండగా, ఆవిడ ఇడ్లీ తుంచబోయి అంది కదా: "ఏటే ఇది? వర్క్‌షాపుకి పంపించీ, వేగన్ సక్రాల కింద అడ్డం పెట్టుకుంటారు." జనం గొల్లుమన్నారు. చలికి పిండి సరిగా పులవలేదు, నిజమే. అయితే మాత్రం అంతమందిలో అనాలా? తల కొట్టేసినట్టయింది. "మల్లీ నా కొట్టు గుమ్మం తొక్కావంటే సూడు" అన్నాను. ఆవిడా తొక్కలేదు. అప్పట్నుంచీ చీటీ నాడు చాపకి ఆ కొసన ఆవిడ, ఈ కొసన నేను.

యాప్ పెట్టుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. పెద్దమ్మ పెట్టిన పద్ధతే అందులోనూ ఉంచాం. మామూలు నెలల్లో గ్లాసు బదులు యాపే ఒక పేరు తీస్తుంది. ఎవరైనా అవసరానికి అడిగితే అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆ అడగడం చెల్లదు.

"ఏ భాష పెట్టమంటారు? హిందీ, బెంగాలీ, తెలుగు, అన్నీ ఉన్నాయి" అంది మా అమ్మాయి.

"తెలుగోల్లం కాదేటి మనం? తెలుగే పెట్టు" అన్నాను. నేను శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని, ఏడు దాకా తెలుగులోనే చదివాను. నాకు వేరే ఆలోచనే రాలేదు. అందరూ తలూపారు. వదిన అందరికన్నా గట్టిగా ఊపింది.

"మరే! మన బాస మనమే ఒగ్గెస్తే ఎలాగ?"

కొన్ని నెలలు హాయిగా నడిచింది. డబ్బు కట్టడానికి రూపాయి బొమ్మ మీద వేలు పెడితే చాలు, గంట మోగినట్టు చప్పుడొచ్చేది. బీరువా ఖాళీ అయ్యాక పెద్దమ్మ మొహం తేటపడింది. పగలు కూడా నిద్రపోతోందని వాళ్ళ కోడలు సణిగింది. ఆదివారాలు కలవడం మాత్రం తగ్గిపోయింది. ఫోనులో అయిపోయేదానికి ఎండన పడి రావడమెందుకని ఎవరిళ్ళలో వాళ్ళుండిపోయాం.

ఇంతలో మా కొట్టు యజమాని పోయాడు. ఆ ముసలాయన ఉన్నన్నాళ్ళూ అడ్వాన్సు పెంచిన పాపాన పోలేదు. కొడుకు అలాంటివాడు కాదు. ఒక బుధవారం వచ్చి, మా పెసరట్టే తింటూ చెప్పాడు.

"దీదీ, శనివార్ తక్ కొత్త అడ్వాన్స్ దియే దిన్. నహీ తో మొబైల్‌వాలా రెడీ హై."

శనివారం లోపు కొత్త అడ్వాన్సు కట్టకపోతే కొట్టు ఆ మొబైల్ వాడికి ఇచ్చేస్తాడట. పక్క సందులో ఫోన్లు బాగుచేసేవాడు ఎప్పట్నుంచో మా కొట్టు మీద కన్నేశాడని తెలుసు. దాచుకున్నదంతా దులిపితే సగం వచ్చింది. మిగతా సగానికి చీటీ తప్ప దారి లేదు. పేరు తీసే రోజు కూడా శనివారమే, నా పేరే వస్తుందన్న నమ్మకమేముంది? కొట్టు పోతే ఈ వయసులో మా ఆయన ఎవరి హోటల్లో పెనం ముందు నిలబడాలి?

గురువారం పొద్దున్నే యాప్‌లో అడిగాను. నా జన్మలో ఎవర్నీ ఏదీ అడగలేదు. ఒక్కొక్కరి పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. వదిన పేరు. కింద ఒక ముక్క: మీ అభ్యర్థన తిరస్కరించబడినది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇడ్లీ మీద అన్న మాటకి నేను కదా అలిగినదాన్ని! ఆవిడకేం పోయింది? కొట్టు మూతపడితే చూసి సంబరపడాలనుకుందా?

"ఎల్లి అడుగు" అన్నాడు మా ఆయన.

"సచ్చినా అడగను."

"సావక్కర్నేదు, అడిగితే సాలు."

ఆయన మాట్లాడేదే తక్కువ, ఆ కాస్తా ఇలాంటప్పుడే. చట్నీ గిన్నె ఎత్తి ఠంగుమని పెట్టాను. మా అమ్మాయికి ఫోను చేసి ఆ ఎర్ర గుర్తు తీసెయ్యమన్నాను.

"నేను తీయకూడదమ్మా. ఇవాళ నీ కోసం అది తీయగలిగితే, రేపు ఎవరి డబ్బయినా తీయగలను కదా. మళ్ళీ అడుగు, కానీ ఆవిడ కూడా ఒప్పుకోవాలి."

అన్నం సయించలేదు. ఆవిడ గుమ్మం ముందు నిలబడి దేహీ అనడం ఊహించుకుంటేనే ఒళ్ళు మండిపోయింది. కొట్టు తలుచుకుంటే ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి.

శుక్రవారం పొద్దున్న రద్దీ తగ్గాక, కొట్టు ముందు బెంచీ మీద ఎవరో కూర్చున్నారు. చూస్తే వదిన! ఏళ్ళ తర్వాత వచ్చి, ఏమీ జరగనట్టు చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"డబ్బులొచ్చినాయా? ఆడికి కట్టీసినావా?" అంది.

ఇంకేముంది, నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "వొద్దని నొక్కి, ఇప్పుడు తమాసా సూడ్డానికొచ్చినావా? కడుపు సల్లబడిందా?" అని అందరూ తిరిగి చూసేలా అరిచాను.

వదిన మొహం తెల్లబోయింది. "నాను వొద్దన్నానా? సూడగానే నొక్కినాను నాను! ఇదిగో, సూడు" అని ఫోను నా చేతిలో పెట్టింది. చార్జింగ్ అయిపోయి అది అప్పుడే ఆరిపోయింది. గల్లాపెట్టె పక్కన తీగ తగిలించి, తెరిచి చూశాం. రెండు బటన్లు, రెండూ ఒకే నీలం రంగు. పైదాని మీద తిరస్కరించండి, కిందిదాని మీద ఆమోదించండి. ఇంతటి తెలుగు మా ఏడో క్లాసు మాస్టారు కూడా మాట్లాడలేదు.

"ఏది నొక్కినావు?"

"పైది."

"పైది వొద్దనడానికి వదినా. సదవలేదా?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకు తెలుగు సదవడం రాదే. హిందీ ఇస్కూల్లో సదివినాను. మాటాడతాను, పాడతాను, అచ్చరాలు మాత్రం ఒక్కటీ తెల్దు. ఆ రోజు అందరూ తలూపితే, నాకొక్కదానికే రాదని ఎలాగ సెప్పను? నీ కొట్టు సంగతి పెద్దమ్మ సెప్పింది, పైదేదో మంచిదని నొక్కీసినాను."

గుండెల మీంచి బండ దిగినట్టయి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. వదిన మాత్రం నవ్వలేదు.

"అది సరే. నాను వొద్దంటానని నువ్వెలాగనుకున్నావే?"

కాఫీ కలిపి గ్లాసు చేతికిచ్చాను. తాగింది.

ఆ తర్వాత మా అమ్మాయితో చెబితే అసలు సంగతి బయటపడింది. ఉగాండాలో చదవలేనివాళ్ళ కోసమని ఆ బటన్లు మాట్లాడేలా చేశారట, మాకు అవసరం లేదనుకుని ఇక్కడ తీసేశారట. ఇప్పుడు మా యాప్‌లో వదిన గొంతే వినిపిస్తుంది: "ఇయ్యాలంటే పైన నొక్కండి, వొద్దంటే కింద." బటన్లు కూడా వదిన చెప్పినట్టే తిరగేశారు. అదంతా తర్వాతి మాట. ఆ శుక్రవారం నేను మళ్ళీ అడగాలి, అందరూ మళ్ళీ నొక్కాలి.

"నువ్వు కొట్టు ఒగ్గకు, అడుగు. నానెల్తాను" అంటూ వదిన లేచింది. "నాలాగ ఇంకెంతమంది గుడ్డిగా నొక్కినారో ఏటో. కిందది నొక్కమని ఒక్కొక్కల ఇంటికీ ఎల్లి సెప్పాల." ఫోను చార్జింగ్‌లోనే వదిలేసి ఎండలోకి నడిచిపోయింది.

నేను అడిగి, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి టిక్కు పెద్దమ్మది. తర్వాత ఆ వరసలోనే పక్క క్వార్టర్. తర్వాత పూరీ గేట్ వాళ్ళు ఇద్దరు, వెంట వెంటనే. టిక్కులు పడుతున్న కొద్దీ వదిన ఏ సందులో నడుస్తోందో నాకు ఇక్కడ కూర్చునే తెలిసిపోతోంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఊరవతల సాలువాలో ఒకామె ఉంది, పోలీసు క్యాంపు దగ్గర కిరాణా కొట్టు వాళ్ళది. బ్యాటరీ ఆటో, అదే మా టోటో ఎక్కి అంత దూరం వెళ్ళినట్టుంది అనుకున్నాను. ఆ టిక్కు కూడా పడింది.

ఇంక ఒక్కటే మిగిలింది. వదినది.

ఆవిడ ఫోను నా మోచేతి పక్కనే ఉంది. దానికి లాకూ గీకూ లేదు. "నొక్కీరాదా?" అన్నాడు మా ఆయన, అట్లకాడ పట్టుకుని. వేలు చాపితే అయిపోయేదే. ఎందుకో చేతులు రాలేదు. ఒకసారి ఆవిడ మనసు నేనే చదివేసి, చదివిందంతా తప్పని తేలింది. ఆవిడ మాట ఆవిడే చెప్పాలి.

మధ్యాహ్నం దాటాక టోటో వచ్చి ఆగింది. వదిన జాకెట్టు చెమటకి తడిసి ముద్దయిపోయింది. చెప్పులు విడిచి, తిన్నగా గల్లాపెట్టె దగ్గరికొచ్చింది.

"అయిపోయిందా?"

"నీది ఉంది."

"ఓలి నీ యబ్బ! నా ఫోను నీ దగ్గరే ఉంది కదే. నొక్కీలేకపోయినావా?"

"నువ్వే నొక్కాల" అన్నాను.

నన్ను ఒక్క క్షణం చూసింది. వేలు కొంగుకి తుడుచుకుని, కింది బటన్ మీద పెట్టి గట్టిగా నొక్కింది, కాలింగ్ బెల్ నొక్కినట్టు. నా ఫోను గంట కొట్టింది. డబ్బు పడింది.

నేను లోపలికి వెళ్ళి బియ్యం బస్తా మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. బయట ఎవరో రెండు ప్లేట్లు అడిగారు. "లోపల పనిలో ఉంది, నాకియ్యండి డబ్బులు" అంటూ వదిన నా కుర్చీలో కూర్చుంది.