చైర్మన్ సారు తాగిన నీళ్లు

మా అన్న ఒక టీవీ పెట్టె లేవమంటే లేచి నిలబడ్డాడు. పక్కనే కూర్చుని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

తొంభైల మధ్య సంగతి. నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర లారీ టైర్ల దుకాణం పైన ఒక పొడవాటి గది ఉండేది. ఆదివారం పొద్దున ఒక విటమిన్ గోలీల కంపెనీ వాళ్లు అందులో మీటింగు పెట్టేవారు. ముందు వేదిక ఉండేది గానీ దాని మీద మనిషి ఉండేవాడు కాదు. ఒక బల్ల, బల్ల మీద కలర్ టీవీ, టీవీకి బంతిపూల దండ, దాని కింద వీసీఆర్. హైదరాబాదు నుంచి క్యాసెట్టు వచ్చేది. అందులో కంపెనీ చైర్మన్ మాట్లాడేవాడు. వినేవాళ్లు చెప్పులు బయట విడిచి రావాలి. మాట్లాడేది గాజు వెనక బొమ్మే అయినా చెప్పులేసుకుని వినకూడదట.

ఆ చైర్మన్ మా జిల్లాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. నీలం కోటు వేసుకుని, కుర్చీలో కొద్దిగా ముందుకు వంగి, సూటిగా మన కళ్లలోకి చూసేవాడు. 'మీరు నా దగ్గర కొనేవాళ్లు కాదు, నా కుటుంబం' అనేవాడు. మనిషికి వచ్చే ప్రతి బాధా ఒంట్లో ఉన్న లోటు వల్లనేనట. లోటు తీరిన ఒంటిని ఏ విషమూ ఏమీ చెయ్యలేదట. మధ్యలో మాట ఆపి, వేలు చూపించి అన్నాడు: "వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న తమ్ముడూ! నీకే చెబుతున్నా. లే, లేచి నిలబడు."

మా అన్న వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు విప్పి లేచాడు. గదంతా చప్పట్లు కొట్టింది.

ఇంటికి పోయేటప్పుడు దారంతా అదే మాట.

"గంత మందిల నన్నే జూసిండు చెల్లె."

"క్యాసెట్టులకెల్లి ఎట్ల జూస్తడన్నా? గది ఎన్నడో తీసి పెట్టిన బొమ్మ."

"నువ్వు గన్ని పుస్తకాలు జదివి జదివి మనుషుల మీద నమ్మకమే పోగొట్టుకున్నవు."

వెనక వరస లేని మీటింగు ఉండదు. ఆ వరసలో నమ్మకం కుదరక చేతులు కట్టుకున్నవాడు ఒకడైనా ఉండక తప్పదు. ఆ మాత్రం లెక్క తెలిసినవాడే ఆ క్యాసెట్టు తీయించాడు. లారీ బుకింగ్ ఆఫీసులో మా అన్న గుమాస్తా. రోజంతా డ్రైవర్లు 'ఏయ్' అని పిలిచే మనిషిని కోటు వేసుకున్న ఒకాయన తమ్ముడూ అన్నాడు. అంతటితో పని అయిపోయింది.

నేను అడ్డరోడ్డు మీద ఎస్టీడీ బూతులో కూర్చునేదాన్ని. ఏడో తరగతితో బడి అయిపోయింది. మిగిలిన చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. అక్కడ మూడు అల్మరాలు ఉండేవి. చరిత్ర, వ్యవసాయం, వైద్యం, ఏది దొరికితే అది తెచ్చుకుని ఫోన్లు రాని వేళల్లో చదివాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు, గర్వమే ఉంది. విటమిన్ల గురించి ఆ చైర్మన్ కన్నా ముందే నాకు ఆ అల్మరాలు చెప్పాయి. విటమిన్ అబద్ధం కాదు. 'ఏ' విటమిన్ అందక రేచీకటి వచ్చిన పిల్లలకు నర్సమ్మ చెంచాతో పోసే మందు వాళ్ల చూపు కాపాడుతుంది. తక్కువైన వాళ్లకు తక్కువైనది ఇస్తే అది నిజమైన మందు. కొన్ని విటమిన్లు ఎక్కువైతే ఒంట్లోనే పేరుకుని చెడు చేస్తాయని కూడా అదే పుస్తకంలో ఉంది. ఒకే గోలీ అందరికీ, అన్నిటికీ పనిచేస్తుందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మీటింగులో చెయ్యెత్తి ఒకసారి అడిగాను, ఈ గోలీలో ఏ విటమిన్ ఎంత ఉంది అని. టీవీ పక్కన టై కట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి చిరునవ్వు చెరగకుండా జవాబిచ్చాడు: "ఇంకొకసారి ఇను చెల్లె, గదే సమజైతది." క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. ఎదురుగా మనిషి ఉంటే మాటకు అడ్డం పడొచ్చు. తడబడితే పట్టుకోవచ్చు. అబద్ధమైతే మొహం చెబుతుంది. అడిగేవాళ్లకు దొరకకుండా అన్ని ఊళ్లలో ఒకేసారి పెద్దరికం చెయ్యాలనుకునేవాళ్లకు వీడియో అందుకే అంత ఇష్టం. నా ప్రశ్నకు జవాబుగా అదే ఉపన్యాసం రెండోసారి విన్నాను.

ఇంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మా ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, మా అన్న కూతురు.

మా ఊరి నీళ్లలో ఫ్లోరైడు. బోరింగు కొడితే తేటగా, చల్లగా వస్తాయి. రుచికి వంక పెట్టలేం. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు గోధుమరంగు గార కడతాయి. వయసు మీదపడే కొద్దీ మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. పక్కకు చూడాలంటే నేను మెడ తిప్పలేను, మనిషినంతా తిప్పాలి. అన్నకూ నడుము నొప్పి. మా ఇద్దరికీ జరగవలసింది జరిగిపోయింది. పాపకు జరగకూడదని, అది తల్లిపాలు మానకముందే, నేను గ్రంథాలయంలో చదివింది అన్నకు చదివి వినిపించాను. పిల్లలకు రాబోయే పెద్ద పళ్లు చిగురు లోపల ఈ వయసులోనే తయారవుతుంటాయి, ఇప్పుడు తాగే నీళ్లు అప్పుడు బయటపడతాయి అని. ఆ మాట విని మా అన్నే, ఎవరూ బలవంతపెట్టకుండా, పానగల్ దారిలో చెరువు కింద ఉన్న ఒక మంచినీళ్ల బావి వెతికాడు. రోజూ పొద్దున్నే సైకిలుకు రెండు ప్లాస్టిక్ క్యాన్లు కట్టుకుని పోయి, నీళ్లు తెచ్చి, తర్వాతే ఆఫీసుకు పోయేవాడు. ఆ నీళ్లు పాపకు తప్ప ఎవరూ ముట్టేవాళ్లం కాదు.

గోలీలు వచ్చాక ఆ క్యాన్లు గోడకు చేరాయి.

ఎండలు ముదిరి బావి దగ్గర వరస పెరిగింది. అన్నకు పొద్దున కంపెనీలోకి తన కింద కొత్త మనుషులను చేర్పించే పని పెరిగింది. ఒకరోజు మానేశాడు, తర్వాత పూర్తిగా మానేశాడు. గోలీ నలిపి, బోరింగు నీళ్లలో కలిపి పాపకు పట్టించడం మొదలుపెట్టాడు.

"గిది పెద్దోళ్ల గోలీ అన్నా. పసిపిల్లకు ఎంత ఇయ్యాల్నో నీకు తెల్సా?"

"సారు చెప్పిండు గదా, లోటు లేకపోతే ఏ నీళ్లయినా ఒక్కటే."

"సారుకు మనూరి నీళ్లు తెల్సా? ముందు నీళ్లు మారాలె. గవి మారినంక పాలు, ఆకుకూరలు, జామపండు పెడితే ఎముకకు బలం. నీళ్లు మార్వకుంట గోలీ ఇస్తే ఏం ఫాయిదా?"

"ఊకో చెల్లె. గా అల్మరీల పుస్తకాలు ఎవడు రాసిండో నువ్వు జూసినవా? నేను సారును కండ్లార జూసిన."

క్యాను ఎత్తే శక్తి నా నడుముకు లేదు. వదినె కూలికి పోయేది. అంత దూరం నెత్తిన బిందెతో రోజూ పోయి రావడం ఆమె వల్ల కాలేదు. పాప బోరింగు నీళ్లు తాగుతూనే ఉంది. లోపల పళ్లు తయారవుతూనే ఉన్నాయి. నేను బూతులో కూర్చుని చైర్మన్‌ను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. తిడితే క్యాసెట్టుకేమిటి?

వానలు పడే ముందు అన్న మా వాకిట్లోనే మీటింగు పెట్టాడు. తన కింద కొందరు చేరితే గానీ కంపెనీలో పై మెట్టుకు పోలేడట. టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి అరుగు మీద పెట్టాడు. తనను లేపిన క్యాసెట్టే పెట్టాడు, అది ఆయనకు పూజ లాంటిది. వాడకట్టు జనం వచ్చారు. నడుములు వంగినవాళ్లు, కర్ర లేనిదే కదలలేనివాళ్లు. ఎముకల నొప్పులు పోగొట్టే గోలీ అని అన్న చెప్పాక ఎందుకు రారు?

చైర్మన్ అదే కోటులో వచ్చాడు. అదే కుటుంబం, అదే లోటు. మధ్యలో మాట ఆపి పక్కన బల్ల మీది ప్లాస్టిక్ సీసా తీసుకున్నాడు. మూత తిప్పి సీలు తెంపి రెండు గుక్కలు తాగాడు. ఆ తర్వాత వేలు చూపించాడు. వెనక వరస తమ్ముడూ, లే.

ఆ రోజు వెనక, గోడకు ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన నడుము బిగిసి చాలా ఏళ్లయింది. మోచేతులు చాపినా సాగవు.

"నన్నేనా బిడ్డా లెవ్వమంటుండు?"

"నిన్నే తాతా! లే, లే!" మా అన్న చప్పట్లు కొట్టాడు.

ఆయన కర్ర నేలకు ఆనించి, గోడను గీరుకుంటూ, మూలుగుతూ లేచాడు. సగమే లేవగలిగాడు. అలాగే వంగి నిలబడి టీవీ వైపు చూస్తూ అడిగాడు: "లేచిన గదా సారూ. ఇగ నొప్పి పోతదా?"

టీవీలో చైర్మన్ అప్పటికే ఇంకో మాటలోకి పోయాడు.

నేను చాలా మాటలు పడ్డాను గానీ అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. లేవలేని మనిషిని లేపి, ఆయన ఏమంటున్నాడో కూడా వినని ఆ మొహాన్ని చూస్తూ అన్నాను: "అన్నా, జర వెనక్కి తిప్పు. సారు నీళ్లు తాగిన కాడికి."

నాకూ గురి కుదిరిందనుకున్నాడు పాపం. సంబరంగా తిప్పాడు. చైర్మన్ వేలు వెనక్కి పోయింది, సీసా బల్ల మీది నుంచి నోటికి చేరింది.

"ఆపు."

బొమ్మ ఆగింది. గీతలు గీతలుగా వణుకుతూ చైర్మన్ సీసా పట్టుకుని ఉన్నాడు.

"గా సీస ఏందో ఎవలకన్న తెల్సా?"

ముందు కూర్చున్న ఒకావిడ అంది, "తెల్వకేంది? హైవే మీద ఏసీ బస్సులల్లకెల్లి ఇసిరేస్తరు. మేము ఏరుకొచ్చి చేనుకాడికి నీళ్లు తీస్కపోతం."

"సారు రోజూ గోలీలు మింగుతడు గదా. లోటు లేనోళ్లకు ఏ నీళ్లయినా ఒక్కటే అన్నడు గదా. మరి సీలు ఏసిన సీస నీళ్లెందుకు తాగుతుండు?"

ముందు కూర్చున్న ఆవిడే మళ్లీ అంది, "మన బోరింగు నీళ్లు ఒక చెంబెడు పంపుదమా సారుకు?" వాకిలంతా ఒక్కసారి నవ్వింది. ముసలాయన నవ్వలేదు. మెల్లగా కిందికి జారి కూర్చుంటూ అన్నాడు, "గోలీ ఒద్దు గానీ బిడ్డా, గా సీస నీళ్లు ఇప్పిస్తరా?"

అన్న గోడలోంచి ప్లగ్గు పీకేశాడు.

"నడివాకిట్ల నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు నాతో. తర్వాత చాలా కాలం అదే ఆఖరి మాట. అవును, తీశాను. అది మా అన్న మీద కాదు, చైర్మన్ మీద తీర్చుకోవలసిన కసి అని నాకు తెలుసు. కానీ చైర్మన్ దొరకడు. అలాంటివాళ్లు తమ బదులు మన ఇంటివాళ్లనే మన ఎదురుగా నిలబెడతారు.

మర్నాడు ఆదివారం. అన్న టై కట్టుకుని మీటింగుకు బయలుదేరాడు. గడపకు అడ్డంగా సైకిలు ఉంది. దానికి రెండు క్యాన్లు, కడిగి కట్టినవి. పక్కన వదినె, చంకలో పాప. ముందురోజు జరిగిందంతా ఆమె తలుపు చాటు నుంచి చూసింది.

"గిదేందే? జరుగు, టైమైతాంది."

"మీ సారుకు సీస నీళ్లు. నా బిడ్డకు బోరింగు నీళ్లా?" అంది వదినె. "ముందు నీళ్లు తే. మీటింగు తర్వాత."

అన్న ఆమెను చూశాడు, నన్ను చూడలేదు. టై విప్పి సైకిలు హ్యాండిలుకు చుట్టి, పానగల్ దారి పట్టాడు. ఆ రోజు మొదలు నీళ్లు ఆగలేదు. మీటింగులకు కూడా కొంతకాలం పోయాడు. తర్వాత మానేశాడు. టైర్ల దుకాణం మీద మాత్రం కొత్త మనుషులు చెప్పులు విడుస్తూనే ఉన్నారు, క్యాసెట్టులు వస్తూనే ఉన్నాయి.

తెర మీద ఏ పెద్దమనిషి కనబడినా ఇప్పటికీ నేను ఆయన మాట వినే ముందు ఆయన పక్కన బల్ల మీద ఏముందో చూస్తాను.

పాప బడికి పోతున్న రోజుల్లో పాలపళ్లు ఊడి ముందరి రెండు పెద్ద పళ్లు వచ్చాయి. తెల్లటి పళ్లే. రెండింటికీ అడ్డంగా ఒకే ఎత్తులో లేత గోధుమరంగు గీత ఉంది. ఆ గీతకు పైనా కిందా మరక లేదు. ఒక ఎండాకాలమంత వెడల్పు.

అన్న పాపను వాకిట్లోకి తీసుకుపోయి, గడ్డం పట్టి ఎండకేసి ఎత్తి, చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరకు వచ్చాడు.

"బ్రష్షుతోని గట్టిగ రుద్దితే పోతదా చెల్లె?"

"పోదు," అన్నాను.