రెండో బంతిపువ్వు

రెండో బంతిపువ్వు నీళ్లలో మాయమవగానే ఫోన్ తీశాను.

మొన్న సాయంత్రం చేవెళ్ల నుంచి ఎంకపల్లిలో మా బాపు దగ్గరికి ఆటోలో వెళ్తున్నాం. దారిలో కల్వర్టు మీద వాననీళ్లు పొర్లుతున్నాయి. నా ఇద్దరు పిల్లలూ తాతను చూడాలని తొందరపడుతున్నారు. దాటాలా, వెనక్కి మళ్లాలా? మా వైపు అలవాటుగా, నీళ్ల వాలు చూడటానికి ఆటోకు కట్టిన దండలోంచి ముందు ఒక బంతిపువ్వు తెంపి వేశాను. అది తిన్నగా రోడ్డు దాటింది.

"సూసినవా అక్కా, ఎంత నిమ్మలంగ పోయిందో! పోనిస్త," అన్నాడు ఆటో అన్న.

"జర ఆగన్నా," అని అదే చోట ఇంకోటి వేశాను. అది గిర్రున తిరిగి మునిగింది. మళ్లీ తేలలేదు.

చిన్నప్పుడు బంతితోటకు నీళ్లు పెట్టేటప్పుడు బాపూ నేనూ పందెం కట్టి, కాలువలో చెరో పువ్వు వదిలేవాళ్లం. ఒకటి సాగిపోయేది, ఒకటి సుడిలో చిక్కేది.

"ఎందుకట్ల బాపూ?"

"నీళ్లనే అడుగు బిడ్డా. నాకైతే జెప్తలేవు."

డిగ్రీలో ఫిజిక్స్ మేడమ్‌ను అడిగాను. "ఇది సిలబస్‌లో లేదమ్మా," అని నవ్వింది. "నిజానికి ఎవరి సిలబస్‌లోనూ లేదు." నీటి నడకకు సమీకరణాలున్నాయట. కానీ సుడి తిరిగే నీటిని అవి ఎంతవరకు పట్టగలవో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదట. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా తోటలోకి పరుగెత్తి బాపుకు చెప్పాను.

"గంత సదివినోళ్లకు గూడ తెల్వదా? అయితే నేనూ సదివినట్టే!" అని బాపు పార పక్కన పడేసి నవ్వాడు. తడిమట్టి వాసన వస్తే ఇప్పటికీ ఆ నవ్వే గుర్తొస్తుంది.

మొన్న కల్వర్టు ముందు నిలబడి ఆయనకే ఫోన్ చేశాను.

"పువ్వేసినవా?"

"రెండేసిన బాపూ. ఒకటి మునిగింది."

"మరింక సూస్తవేంది? ఎనకకు మర్లిపో."

ఆటో అన్న గొణుక్కుంటూనే బండి తిప్పాడు. పిల్లలు ఇంటిదాకా ఏడ్చారు. ఆ నీళ్ల కింద గుంత ఉందో, నాదంతా ఉత్త భయమో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున పెద్దది ఇంకా అలిగే ఉంది. "మొదటి పువ్వు మంచిగనే పోయింది గదమ్మా!"

ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను: "పోయింది బిడ్డా. రెండోది ఎటు పోతదో లోకంల ఇంకా ఎవ్వరికీ తెల్వదు. మీరు సదివి కనిపెట్టుండ్రి. అందాక నీళ్లు తగ్గినంకనే తాతింటికి పోదాం."