ఆకురాయి దిద్దిన ముక్కు

నాకు చిన్నప్పటి నుంచీ పిరికితనం ఎక్కువ. బల్లికి భయం, బళ్లో ఇన్‌స్పెక్షన్‌కు భయం. కోళ్ల విషయంలో మాత్రం నన్ను మించిన మొనగత్తె లేదని, సీతాఫల్‌మండిలో మా డాబా ఎక్కినవాళ్లందరికీ గొప్పలు చెప్పుకునేదాన్ని. అవి పందెం కోళ్లు కావు, అందాల పోటీలకు పెంచే చిలకముక్కు కోళ్లు. ముక్కు పొట్టిగా, చిలక ముక్కులా వంగి ఉండాలి. పై ముక్కూ కింది ముక్కూ సరిగ్గా కలవాలి. తోక నేలకు జీరాడాలి.

నా పుంజుకు అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. పై ముక్కు నూలుపోగంత ఎడమకు జరిగి ఉండేది. ఇలాంటి వంకర రక్తంలో ఉంటే పిల్లలకూ వస్తుంది, అలాంటి పుంజును జత కట్టించకూడదు. అది తెలిసే, పోటీ రోజున దాన్ని ఒళ్లో పెట్టుకుని, నా గోళ్లు నున్నచేసుకునే చిన్న ఆకురాయితో ముక్కు అంచు రాసి సరిచేశాను. కప్పు వచ్చింది. దానితో పాటే భయమూ ఇంటికి వచ్చింది. ఆ తర్వాత పది రోజులకోసారి, మా ఆయనకు కూడా తెలియకుండా రాస్తూనే ఉన్నాను.

యాప్రాల్‌లో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కోళ్లవాళ్లందరికీ ఆయన ఉస్తాద్. నాకు మొదటి పెట్టను ఇచ్చి, కోడి ఎముక తడమడం, కాలు చూడడం నేర్పింది ఆయనే. కంట్లో పొర వచ్చాక వేళ్లతోనే కోడిని చూసేవారు. ముప్పై ఏళ్లుగా ఏరి ఏరి నిలబెట్టుకున్న ఆయన కోళ్లన్నీ కొక్కెర తెగులుకు పోగా, ఒక్క ముసలి పెట్ట మిగిలింది. ఆ జాతి నిలవాలంటే, ఈ పెట్ట గుడ్లు పెట్టే ఆఖరి కాలం ఇదే అంటూ, దాన్ని ఆటోలో మా ఇంటికి తెచ్చారు, నా పుంజు కోసం.

ఆయన బొటనవేలు పుంజు ముక్కు మీద మెల్లగా పోతుంటే ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. రెండు రోజుల కిందటే రాశాను కాబట్టి వేలికి ఏమీ తగల్లేదు. మంచిగుందని మెచ్చుకున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఏడు పిల్లలు లేచాయని ఆయన ఫోన్ చేశారు. ఆ తర్వాత వారం వారం చేసి, ముక్కులు బాగానే ఉన్నాయనేవారు. అయినా నాకు నిమ్మళం లేదు. ఈ వంకర పుట్టగానే కనిపించదు, పెరిగేకొద్దీ బయటపడుతుంది. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కోడిపిల్లల ముక్కుల కోసం మోకరించి ప్రార్థన చేసినదాన్ని మా చర్చి సంఘంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆరో వారం ఆయన ఫోన్ చేయలేదు. ఆదివారం లేవగానే ఇక చెప్పేయాలనుకున్నాను. ఇలాంటి మాట ఫోన్లో ఏం బాగుంటుందని ఆగి, చర్చి అయ్యాక బస్సెక్కాను.

ఆయన వాకిట్లోనే కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. మూడు పిల్లలకు ముక్కు వంకరపోయిందట, గింజ ఏరుకోలేకపోతున్నాయట. దోషం తన పెట్టలోనే ఉందని, చూపు పోయి కనిపెట్టలేకపోయానని అన్నారు.

"నీ పుంజు పేరు ఖరాబ్ చేసిన, బిడ్డా. ఆ పెట్ట ఉంటే ఇంకొకరి పుంజును సుత ఆగం చేస్తది. పొద్దుగాల కోయించిన."

అప్పుడు చెప్పాను, ముక్కు రాసిన సంగతి, కప్పు సంగతి, అంతా. చెబుతున్నంతసేపూ ఆయన నా చేతులు వదల్లేదు. చెప్పడం అయ్యాక వదిలేశారు.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుని అన్నారు.

"ఇయ్యాల పొద్దుగాల చెప్పినా బతుకుతుండె."