గెల మోసే మనిషి కాళ్ళు

మా మేస్త్రిగారు పోయారన్న కబురు మాకు దారిలో తెలిసింది. రాజమండ్రిలో ఒక విగ్రహం దించేసి, ఖాళీ వ్యానులో కొత్తపేట తిరిగొస్తున్నాం. బండి నేను తోలుతున్నాను. నా తర్వాత నాలుగేళ్ళకు పనిలో చేరినవాడు పక్కన కూర్చున్నాడు. ఫోను వాడికే వచ్చింది. నాకు ముందు తగిలింది అదే. చివరి కబురు కూడా వాడికే.

రావులపాలెం దాటాక రోడ్డు వారన, భుజాన అరటిగెలతో పాతిక అడుగుల సిమెంటు మనిషి నిలబడి ఉంటాడు. మీలో చాలామంది పక్కన నిలబడి ఫొటో దిగే ఉంటారు. అది మా మేస్త్రిగారి పని. పొద్దువాలే వేళ ఆయన పరంజా దిగి, రోడ్డు అవతలికి పోయి, పిడికిలి గొట్టంలా చుట్టి అందులోంచి చూసేవారు. "ఇక్కణ్ణుంచి చూడండ్రా. జనం నిచ్చెనేసుకుని చూడరు" అనేవారు.

నేను బడికి సరిగా వెళ్ళలేదు. పూత ఆరేదాకా నన్ను సిమెంటు బస్తాల మీద కూర్చోబెట్టి, పాత పేపరు చేతికిచ్చి "పైకి చదువు, నాకు కళ్ళజోడు లేదు" అనేవారు. కళ్ళజోడు జేబులోనే ఉండేది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ అబద్ధం వల్లే.

అలాంటి మనిషి ఆ బొమ్మ ముఖం వాడికి అప్పగించారు. నాకు కాళ్ళు. ముందొచ్చిన చెవులు నేను, వెనకొచ్చిన కొమ్ములు వాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఎనిమిదేళ్ళబట్టీ కాళ్ళేనాండీ నాకు?"

"ఆయ్, కాళ్ళే. ముఖం తప్పితే ఫొటో పాడవుద్ది. కాళ్ళు తప్పితే బొమ్మొచ్చి ఎవడి మీదో పడుద్ది."

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు. రెండేళ్ళుగా ఆ దారిన తిరుగుతూ ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

కబురు తెలిసిన ఆ రోజు, బొమ్మ దగ్గరికి రాగానే వాడు "ఆపరా, ఒక ఫొటో తీసుకుందాం" అన్నాడు.

"నీ ముఖం నువ్వే తీసుకో."

అన్నాను గానీ ఆపాను. అక్కడ కారు దిగిన ఒకావిడ భర్తతో "ఏవండీ, ఆ నవ్వు చూడండి! పిలిచి పండు చేతిలో పెట్టేలా ఉన్నాడు" అంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"విన్నావుగా, నిన్నే పొగుడుతున్నారు."

వాడు ఎత్తిన ఫోను దించేశాడు.

"నాది కాదురా అది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మేస్త్రిగారు మీరెవరూ రాకముందే వచ్చి చెక్కిపారేసేరు. చివరికి ఆయనే చేసేరు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాను. నీ కాళ్ళు మాత్రం ముట్టుకోలేదు. దానికి నేనెంత ఏడ్చానో నీకేం తెలుసు!"

నా మనసు చల్లబడిందని రాస్తే అబద్ధం. రెండేళ్ళుగా నేను వినాలనుకున్న మాటే అది. వినగానే ఇంకో కుళ్ళు మొదలైంది. ఆ కాళ్ళు పూర్తిగా నావే. వాటి మీద ఎక్కడా ఆయన చెయ్యి లేదు. వాడికిచ్చిన ముఖం నిండా ఆయనే.

నా ఫోను తీసి కెమెరాలో ఆ ముఖాన్ని దగ్గరికి లాగి చూశాను. దవడ కింద, రంగు సరిగా ఎక్కని చోట, పచ్చి సిమెంటులో బొటనవేలు నొక్కిన గుంట ఉంది. ఎండ పక్కనుంచి పడుతోంది. ఆ గుంటలో మాత్రం నీడ.