బ్యాటరీలకు బొట్టు

పసుపు మాడుతున్న వాసన వచ్చింది. తిరగమాతలో పసుపు ఒక్క క్షణం ఎక్కువ ఉంటే వస్తుందే, ఆ వాసన. కానీ పొయ్యి మీద ఏమీ లేదు. ఆ రోజు ఆయుధ పూజ. వంట మధ్యాహ్నమే ముగించి, పూజ అయ్యాక బొరుగులు, పప్పులు, బెల్లం పంచేసి, వంటగట్టు కూడా తుడిచేశాను. ఇంటి నిండా సాంబ్రాణి, కర్పూరం, కోసిన నిమ్మకాయలు. వాటన్నిటి అడుగున ఎక్కడో పసుపు మాడుతోంది. పెరట్లో పూజ సామాన్లు కడుగుతున్న నా చేతిలో ఇత్తడి పళ్లెం ఆగిపోయింది. ఇంట్లో అప్పుడు కరెంటు మీద ఉన్నవి ఫ్రిజ్జు, నా బ్యాటరీల చార్జర్. చార్జర్ పెట్టిన చెక్కబల్ల కింద మా చిన్నవాడు చాప మీద నిద్రపోతున్నాడు.

నింపాదిగా వెళ్లానని రాసుకోవాలని ఉంది గానీ, పళ్లెం పడేసి పరుగెత్తాను. అయితే చేయాల్సినవి మాత్రం వరుస తప్పకుండా చేశాను. ముందు గోడ మీది స్విచ్చు ఆపాను. తర్వాత పిల్లవాణ్ణి ఎత్తుకొని వీధి వసారాలోకి పోయాను. అక్కడ మా అత్త, మా పెద్ద పాప బొరుగులు తింటూ కూర్చున్నారు.

"ఏంది మే, నిద్రపొయ్యే పిల్లోణ్ణి ఎత్తుకోనొచ్చినావు?" అంది అత్త.

"వీణ్ణి పట్టుకోండత్తా. పాపను పిలుచుకోని గేటు బయటికి పోండి. మళ్లీ చెప్తా."

నా ముఖం చూసి ఆమె పిల్లవాణ్ణి అందుకొని, పాపతో గేటు వైపు నడిచింది. వంటింట్లో మసిగుడ్డలు రెండు అందుకొని మళ్లీ హాల్లోకి వచ్చాను. వీడియో లైటు వెనక తగిలించే పెద్ద బ్యాటరీ, ఇటుక అంత ఉంటుంది. అది చార్జర్‌ను కరుచుకొని కూర్చుంది. రెండూ కలిసే చోట చార్జర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఒక మూల మెత్తబడింది. మసిగుడ్డలతో పట్టుకొని బ్యాటరీని విడదీసి, బయటికి మోసుకెళ్లి, గేటు పక్కన ఉన్న ఇసుక బాండ్లిలో పెట్టి పైన ఇసుక కప్పేశాను.

ఆ బాండ్లి గురించి మా ఇంట్లో చాలా నవ్వుకున్నారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఇసుక దగ్గర ఉండాలని ఎక్కడో చదివి, పక్కన ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి తెచ్చిపెట్టాను. నిప్పు ఎప్పుడూ రాలేదు గానీ వీధిలోని పిల్లులన్నీ వచ్చేవి. "మా కోడలు పిల్లులకు కక్కసు కట్టించింది" అని అత్త వచ్చినవాళ్లందరికీ చూపించేది. నాకు భయం ఎక్కువే, ఒప్పుకుంటాను. తలుపు గడియ వేశాక ఇంకోసారి లాగి చూసే రకం. ఆ రోజు మాత్రం నా భయం నాకు ఉపయోగపడింది.

నేను ఫోటోలు తీస్తాను. తిరుపతిలో మా ఇంటి ముందరి హాలే నా స్టూడియో, నా గోడౌను, నా ఆఫీసు. గృహప్రవేశాలు, శ్రీమంతాలు, చెవులు కుట్టడాలు, పిల్లల పుట్టినరోజులు. అటు చిత్తూరు దాకా, ఇటు శ్రీకాళహస్తి దాకా పిలిస్తే పోతాను. కొత్తల్లో ఫోన్ చేసినవాళ్లు "సార్‌కి ఇయ్యండమ్మా" అనేవాళ్లు. సార్ డెయిరీలో పాల లెక్కలు చూస్తారు, ఫోటోలు నేనే తీస్తాను అని చెబితే మళ్లీ ఒకసారి అడిగి రూఢి చేసుకునేవాళ్లు. ఇప్పుడు నా పని చూసినవాళ్లే ఇంకొకరికి చెబుతున్నారు.

ఫోటో బాగా తీయడం ఈ పనిలో సగమే. మిగతా సగం సామాన్లతో సంసారం. కెమెరా బాడీ కొన్న మరుసటి రోజు నుంచే పాతదైపోతుంది, మంచి లెన్సు మాత్రం చాలాకాలం విలువ నిలుపుకుంటుంది. అందుకే చెన్నైలో ఒకరు వాడిన బాడీ కొని, మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టాను. వానాకాలంలో లెన్సుకు బూజు పట్టకుండా రబ్బరు మూత బిగించే డబ్బాలో తేమ పీల్చే పొట్లాలతో దాచుతాను. చేతికి పని లేని రోజుల్లో నా లైట్లు మరో ఫోటోగ్రాఫర్‌కు అద్దెకు పోతాయి, తిరిగి వచ్చాక అతని ముందే వెలిగించి చూసుకొని దించుకుంటాను. కెమెరా చూసి "ఎంత పెద్దదో" అనేవాళ్లు చాలామందే, బ్యాటరీలు ఎన్ని తెచ్చారు అని అడిగిన కస్టమర్ ఒక్కరూ లేరు. ఫంక్షన్ ఆగిపోయేదేమో బ్యాటరీ దగ్గరే.

ఇదంతా మా అత్త పెట్టిన ఒక్క షరతు మీద నడుస్తోంది. పని మొదలుపెట్టేటప్పుడు పిల్లలను ఆమెకు అప్పజెప్పక తప్పలేదు. "చేసుకో మే, నేను సూసుకుంటా" అంది. "అయితే ఒక మాట. నీ సామాన్లు పిల్లోళ్ల మీదికి వచ్చిన దినం అన్నీ మూట కట్టేయాల. అప్పుడు నన్ను బతిమాలగూడదు." నేను ఒప్పుకున్నాను. బయట గది తీసుకొని నడపడం పిల్లలు ఇంత చిన్నగా ఉండగా కుదరదు. అత్త కాదంటే నా పని లేదు.

గేటు దగ్గర నిలబడి ఇసుక బాండ్లిని చూస్తూ నేను తలుచుకున్నది ఆ మాటనే. అత్త భుజం మీద చిన్నవాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఆమె కూడా దాన్నే తలుచుకుంటోందని నాకు తెలుసు.

లోపలికి వెళ్లి మిగతా బ్యాటరీలను ఒక్కొక్కటే తిప్పి చూశాను. ప్రతిదానికీ, చార్జర్‌కు తగిలే బంగారు రంగు రేకుల మీద, అడ్డంగా దట్టంగా పసుపు. నడిమధ్య ఒక కుంకుమ బొట్టు. ఎంత పొందికగా పెట్టిందంటే, ఇంకెక్కడైనా ఉంటే మెచ్చుకునేదాన్ని. తడిపసుపు ఆరి పొరకట్టింది. కరెంటు పోయే దారి ఇరుకైతే వేడి ఆ ఇరుకులోనే పుడుతుంది. డిగ్రీలో చదివిన ఫిజిక్స్ నాకు ఇలా ఎదురవుతుందనుకోలేదు.

ఎవరు పెట్టారో అడగనక్కర్లేదు. పూజకు కెమెరాలు, లెన్సులు, స్టాండ్లు ఎర్ర గుడ్డ మీద పరిచాను. కెమెరాలకు నేనే, అదీ బెల్టుకూ మూతకూ మాత్రమే, బొట్లు పెట్టాను. పాప నేనూ పెడతానని గునిసింది. "కెమెరా ముట్టుకోవద్దు తల్లీ, మీ అమ్మ అరుస్తాది. ఈటికి పెట్టు" అని అత్త పసుపు గిన్నె, బ్యాటరీలు దాని ముందుకు జరిపింది. పాప నాలుక బయట పెట్టి, కుదురుగా కూర్చొని పెడుతుంటే ముద్దొచ్చి ఫోటో కూడా తీశాను. ఫోకస్ దాని ముఖం మీద ఉంది. చేతిలోని బ్యాటరీ మసక.

మా ఇంట్లో పూజలో పెట్టిన పనిముట్లను విజయదశమి పొద్దున్న గానీ ఎత్తరు. కానీ ఆ పొద్దున్నే పాకాలలో ఒక గృహప్రవేశం ఒప్పుకున్నాను. కొత్త ఇంటికి ఇంకా కరెంటు మీటరు రాలేదు. లోపలి గదుల్లో, హోమం పొగలో, నా బ్యాటరీ లైట్లే దిక్కు. అందుకని బ్యాటరీలు మాత్రం తీసుకుంటానని అడిగితే, "ఎత్తుకో, సామికి నేను చెప్పుకుంటాలే" అంది అత్త. పసుపు పెట్టిన వైపు కిందికి ఉంది. రోజూ చేసినట్టే చేతి అలవాటున జార్చి తగిలించేశాను.

ఇంతలో మా ఆయన డెయిరీ వ్యాన్లకు పూజ చేయించి, చొక్కా నిండా గుమ్మడికాయ గింజలతో బండి దిగాడు. సంగతి విన్నాడు. హాల్లోకి వెళ్లి చార్జర్ చూసి వచ్చాడు. చిన్నవాణ్ణి తల్లి దగ్గర నుంచి తీసుకొని గట్టిగా పట్టుకున్నాడు.

"కొన్నాళ్లు ఆపుదాం" అన్నాడు. "చిన్నోడు బడికి పొయ్యేదాకా. నీ చేతిలో పని యాడికీ పోదు గదా."

అది కోపంగా అన్న మాట కాదు, అందుకే నాకు భయమేసింది. పని ఎక్కడికీ పోదు గానీ పిలిచేవాళ్లు పోతారు. ఇవాళ రాలేనన్నవాళ్లను రేపు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

పాప నా కొంగు పట్టుకొని మెల్లగా అంది. "మా, నేనే పెట్టినా. కండ్లు యాడుండాయో సూసి, మధ్యన పెట్టినా." కొంగును వేలికి చుట్టుకుంటోంది. "సామికి కోపం వచ్చిందా?"

"నువ్వు గమ్మునుండు తల్లీ" అంది అత్త.

నేను అత్త వైపు తిరిగాను. "అత్తా, మీ షరతు మరిచిపోలేదు. బతిమాలను. ఒక్కటి మాత్రం వినండి. బ్యాటరీ ఉబ్బలేదు, పగల్లేదు. మంట రాకముందే ఆపినాను. దాన్ని చెక్కబల్ల మీద, పిల్లోడు పడుకునే చోట పెట్టినాం, అదీ తప్పు. సామాన్లు వద్దంటే మూట కడతా. చోటు మార్చుకొమ్మంటే ఇప్పుడే మారుస్తా. కింద రాయి, చుట్టూ గోడ, పిల్లోళ్లకు అందనంత ఎత్తులో ప్లగ్గు. అంతే కావాల్సింది."

అత్త మేడ మెట్ల వైపు చూసింది. తర్వాత కొడుకును చూసి, "మేడ మెట్ల కింద నా రోలు ఉండే తావు రాతిబండే గదా, పైన ప్లగ్గు గూడా ఉండాది గదా?" అంది.

"అవును. అయితే?"

"అయితే ఏంది, నిలబడి సూస్తావుండావు. రోలు ఇవతలికి దొర్లించు."

"నీ రోలా? నా పెండ్లికి వంటోళ్లు జరపమంటే గూడా జరపనియ్యలేదే మా నువ్వు!"

"నీ పెండ్లికి ఏం పనుండింది దాంతో? ఇప్పుడు పనుండాది." నా వైపు తిరిగింది. "పిల్ల చేతికి పసుపు గిన్నె ఇచ్చింది నేను. షరతు పెట్టిందాన్నీ నేనే. నిన్ను మూట కట్టమంటే నన్నూ కట్టమనాల. అయినా ఫోన్లు వచ్చినప్పుడు పంచాంగం సూసి దినాలు చెప్పేది ఎవరు? చిత్తూరోళ్లకు వచ్చే నెల ముహూర్తం చెప్పింటి. ఇప్పుడు కోడలు రాదంటే నా మాట ఏం గాను?"

అది నిజమే. కొంతకాలంగా నేను ఫోటోలు సరిచేస్తూ కూర్చుంటే నా ఫోన్ ఎత్తేది ఆమె. "ఆ పొద్దు మా కోడలికి తీరదు, దశమికి పెట్టుకోండి, దినం గూడా మంచిది" అని వాళ్ల ముహూర్తాలనే మార్చేసేది. ఆమె చెప్పేదాకా నేను గమనించలేదు, ఈ పని నా ఒక్కదానిది కాకుండా పోయి చాలా రోజులయింది.

"ఒక మాట" అంది మళ్లీ. "చార్జింగ్ పెట్టినంతసేపు మనిషి పక్కన ఉండాల. నువ్వు లేకుంటే నేను కూసుంటా. పూజలోంచి తెల్లారకముందే ఎత్తినందుకు ఇట్లయిందని నేను అనను." కాస్త ఆగింది. "మనసులో అనుకుంటా."

మా ఆయన నవ్వాడు. చిన్నవాణ్ణి నాకిచ్చి రోలు దొర్లించడానికి వంగాడు. అది రెండడుగులు కదిలేసరికి "ఇంతకాలం దీన్ని పెట్టుకోని ఏం రుబ్బినావు మా, మా నాయన పరువా?" అని ఆయాసపడ్డాడు.

దూదికి స్పిరిట్ అద్ది ప్రతి బ్యాటరీ రేకులూ తుడిచాను. పసుపు అంత తేలిగ్గా వదలదు. రేకులు మెరిసేదాకా, దూదికి రంగు అంటకుండా అయ్యేదాకా తుడిచి, పూర్తిగా ఆరబెట్టాను. ఇంకో చార్జర్ ఉంది. నా దగ్గర ప్రతిదీ రెండు ఉంటాయి. మెట్ల కింద రాతి మీద ఒక్కొక్కటే పెట్టి, పక్కనే పీట వేసుకొని కూర్చున్నాను. వేడెక్కిన బ్యాటరీని మాత్రం మళ్లీ వాడనని పక్కన పెట్టేశాను. చూడటానికి బాగానే ఉంది. అయినా నమ్మను. ఒక్క బ్యాటరీ తక్కువైతే లైటు ఎక్కడ వెలిగించాలి, ఎక్కడ ఆపాలి అని ముందే అనుకొని పాకాల పనికి సిద్ధమయ్యాను.

పాప అడిగిన దానికి మాత్రం ఆ సాయంత్రం జవాబు చెప్పలేదు. తొందరపడి ఏదో ఒకటి అనేస్తే అది మళ్లీ పసుపు ముట్టుకోదేమో అనిపించింది.

పొద్దున అత్త పూజ దగ్గర దీపం వెలిగించి, ఎర్ర గుడ్డ మీద నుంచి కెమెరాను తనే ఎత్తి నా చేతికిచ్చింది. బ్యాగు సర్దుకుంటూ పిల్లలిద్దరినీ దగ్గరికి పిలిచాను. చిన్నవాడు కళ్లు నులుముకుంటూ వచ్చి నా మోకాలికి ఆనుకున్నాడు. పాప మాత్రం బ్యాటరీలకు దూరంగా, చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడింది. పసుపు గిన్నె తెచ్చి దాని ముందు పెట్టాను. ఒక బ్యాటరీని తిప్పి చూపించి చెప్పాను.

"సామికి కోపం రాలేదు. నువ్వు పెట్టిన పసుపు వాసన వచ్చినందుకే అమ్మకు తెలిసింది. అయితే ఇవి దాని కండ్లు కాదు కన్నా, నోరు. ఇది కరెంటు తాగేది ఈడనే. తాగే నోటికి మనం పసుపు పూయం గదా? ఇదిగో, ఇది వీపు. ఇంక ఎప్పుడు పెట్టినా ఈడ పెట్టాల, నాకు చూపించి పెట్టాల. ఇప్పుడు పెట్టు, నాకు బస్సు టైమవుతా ఉంది. రేయ్ చిన్నోడా, నువ్వూ విను. ఎప్పుడైనా మాడు వాసన వస్తే బొమ్మలు ఎత్తుకోవద్దు, కెమెరా ఎత్తుకోవద్దు. అక్క చెయ్యి పట్టుకోని గేటు బయటికి ఉరకాల. బయటికి పోయినాక, ఎంత గట్టిగా అరుస్తావో అరుచుకో."