తెల్లజింక మీద రాయి

జగిత్యాల నుంచి వచ్చిన పెద్దులు ఒమన్ ఎడారి నడుమ, ఒరిక్స్ జింకల అభయారణ్యంలో నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. పొద్దున్నే మంచుకు తడిసిన కంకర నేల మీద బండి ఆపి, తొట్టి నింపి, తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు. ఇంజను చప్పుడు వినగానే ఒక తెల్ల ఆడజింక నిటారు కొమ్ములతో మెల్లగా నడిచొచ్చేది. "దా బిడ్డా, తాగు" అంటూ పక్కకు జరిగేవాడు. తెలుగు మాట్లాడటానికి అక్కడ అతనికి ఇంకెవరూ లేరు.

తొంభై ఆరులో వేటగాళ్లు బళ్లేసుకొచ్చి జింకల్ని అమ్ముకోవడానికి ప్రాణాలతో పట్టుకుపోసాగారు. "ఇది మనిషిని చూసి పారిపోదు. ముందు దొరికేది ఇదే. భయపెట్టు, పెద్దులు భాయ్" అన్నాడు కాపలాదారు సాలిం. పెద్దులు మొదటి రాయి కావాలనే పక్కకు విసిరాడు. జింక కదల్లేదు. రెండోది దాని డొక్కకు తగిలింది. నాలుగడుగులు వెళ్లి, వెనక్కి తిరిగి అతన్నే చూసింది. "పో తల్లీ! మనిషి కనవడితె ఉరుకు!" అని అరుస్తూ, అది తుమ్మచెట్లు దాటేదాకా వెంటపడి తరిమాడు. మర్నాడు ఇంజను చప్పుడుకు అది రాలేదు. పెద్దులు తొట్టి నింపి బయల్దేరాడు. చాలా దూరం పోయాక అద్దంలో, తొట్టి వైపు నడుస్తున్న తెల్లచుక్క కనిపించింది. అతని కాలు బ్రేకు మీదికి పోయింది. తొక్కకుండానే కాలు వెనక్కి తీసుకుని, బండిని ముందుకే పోనిచ్చాడు.