రుద్రారం దాంక పోయినం

పెళ్లయ్యాక నేను వెళ్లని చుట్టాల ఇల్లు లేదు. పెళ్లిళ్లకు వెళ్లాను, పురుళ్లకు వెళ్లాను, చావులకు వెళ్లాను. ఎక్కడికి వెళ్లినా బస్సు దిగి కాళ్లు కడుక్కునేలోపే ఎవరో ఒకరు చేతికి గరిటె ఇచ్చేవారు. "వదినా, నీ చేతి పప్పు తిని ఎన్ని రోజులైందో" అని పొగుడుతూనే పొయ్యి దగ్గరికి తోసేవారు. చుట్టాలెవరూ లేని ఊరికి, ఏ పనీ లేకుండా, ఊరికే చూడటానికి ఒక్కసారి వెళ్లాలనే కోరిక నన్ను గట్టిగా పట్టుకుంది. మా దుకాణంలో వేలాడే క్యాలెండర్ మీద కుతుబ్ మీనార్ బొమ్మ ఉండేది. ఢిల్లీలో మాకు చుట్టాలు లేరు. కాబట్టి ఢిల్లీయే అనుకున్నాను.

మాది సంగారెడ్డి బజారులో కందులు, బెల్లం అమ్మే దుకాణం. ఇది డెబ్బయిల్లోని మాట. నెలల తరబడి సతాయిస్తే మా ఆయన ఒకనాడు విసిగి, "సరే, అందరం పోదాం తియ్" అన్నారు. ఆ మాట చెవిన పడగానే మా మామగారు పంతులు దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించుకొచ్చారు. గురువారం తెల్లవారుజామున బాగుందట. తీరా బుధవారం నాడు, మర్నాడు మార్కెట్టుకు కందులు వస్తాయని మా ఆయనకు గుర్తొచ్చింది.

మాలో ఇలాంటి చిక్కుకు ఒక ఉపాయం ఉంది. దాన్ని ప్రస్థానం అంటారు. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే సామాను కదిలితే చాలు. పోయే దారిలో ఎవరింట్లోనైనా ఒక మూట పెట్టి వస్తే శాస్త్రప్రకారం మనం బయలుదేరినట్టే. తీరిక దొరికాక వెళ్లి, ఆ మూట తీసుకొని అటునుంచి అటే పోవచ్చు. అయితే ఆ మూట వెనక్కి ఇంటికి రాకూడదు. ఆలస్యమైతే ముహూర్తం చెల్లిపోతుంది గనుక దాన్ని ఇంకొంచెం ముందుకు జరుపుతూ ఉండాలి. లోకంలో అందరూ గుడ్డలో ఇన్ని బియ్యం, ఒక పసుపుకొమ్ము కట్టి పెడతారు. మా మామగారికి అరకొర పనులు నచ్చవు.

"ఢిల్లీ అంటే పక్కూరా? మూట సాలది. పెట్టె పెట్టుండ్రి" అన్నారు.

ఇనుప పెట్టెలో నా పట్టుచీర, పిల్లలిద్దరి కొత్త బట్టలు, మా ఆయన కోటు, మామగారి జరీ కండువా, ఇంట్లో ఉన్న మంచి బట్టలన్నీ సర్ది తాళం వేశాను. గురువారం తెల్లవారకముందే, పటాన్‌చెరు బస్సు పోయే వైపు నాలుగిళ్ల అవతల తెలిసినవాళ్లింట్లో పెట్టి వచ్చాం. మామగారు చేతులు దులుపుకొని, "ఇగ బయలుదేరినం" అన్నారు. బయలుదేరి, అందరం ఇంటికొచ్చి పడుకున్నాం.

కందులయ్యాక మిర్చి వచ్చింది. మిర్చి అయ్యాక బెల్లం ధర పెరిగింది. ధర పెరిగితే దుకాణం మూయరు, తగ్గితే అసలే మూయరు. ఈలోగా పెట్టె మాత్రం ఎక్కడా ఆగలేదు. మా గుమాస్తా ఇంటికని కంది అనే ఊరికి వెళ్లింది. అక్కణ్నుంచి రుద్రారంలో మాకు ఏటేటా కందులు అమ్మే రైతు ఇంటికి వెళ్లింది.

దుకాణానికి వచ్చినవాళ్లు, "ఏం సేటూ, ఢిల్లీ పోతున్నరంట గద?" అని అడిగేవారు.

"పోతున్నం కాదు, బయలుదేరినం. రుద్రారం దాంక పోయినం" అని మా ఆయన గద్దె మీద కూర్చొని కందులు తూస్తూ జవాబు చెప్పేవారు. అడిగినవాళ్లు కూడా మా ఊరివాళ్లే కదా, తల ఊపి వెళ్లిపోయేవారు.

ఆ సమయంలోనే సదాశివపేటలో మా ఆడపడుచు కూతురి పెళ్లి వచ్చింది. కట్టుకోవడానికి మంచి గుడ్డ ఒక్కటి ఇంట్లో లేదు. పెట్టె వెనక్కి తెద్దామని నేనంటే మామగారు చెవులు మూసుకున్నారు. రాత్రంతా ఆలోచించి పొద్దున తీర్పు చెప్పారు.

"ప్రయాణంల బట్టలు మార్చుకోరా ఏంది? మార్చుకోవచ్చు. పెట్టె కదలద్దు. ఆ బట్టలతోని మన ఇంటి గడప తొక్కద్దు. గంతే."

సదాశివపేట మాకు పడమర, రుద్రారం తూర్పు. కాబట్టి పెళ్లికని అందరం పొద్దున్నే తూర్పు బస్సెక్కి రుద్రారంలో దిగాం. రైతు ఇంట్లో పెట్టె తెరిచి, నేను చీర కట్టుకున్నాను, మా ఆయన కోటు తొడుక్కున్నారు. రైతు భార్య పాపం మా అమ్మాయికి జడ వేసింది. రైతు మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"పెండ్లి పేటల ఉంటే గిటెందుకొచ్చిండ్రు సేటూ?"

"ఢిల్లీ పోతున్నం గద" అన్నారు మా ఆయన.

మళ్లీ పడమర బస్సెక్కాం. మా ఊరి పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు మా అబ్బాయి దాహమన్నాడు. "అమ్మా, మనిల్లు దగ్గర్నే గదనే, ఉరికిపోయి తాగొస్త" అన్నాడు. మామగారు వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "మనం ఊర్ల లేము బిడ్డా. ఢిల్లీ బయలుదేరినం" అన్నారు. వాడు నా ముఖం చూశాడు.

పెళ్లిలో నాకు గరిటె దొరికిందని వేరే చెప్పక్కరలేదు. సాయంత్రం మళ్లీ రుద్రారం వెళ్లి, పట్టుచీర విప్పి మడతపెట్టి, పాత చీర కట్టుకొని ఇంటిదారి పట్టాం. ఆ బస్సులో నాకు ఏడుపొచ్చింది. అలసట వల్ల కాదు. మా ఆయన నన్ను మోసం చేస్తున్నారనైతే కొట్లాడేదాన్ని. ఆయన మోసం చేయడం లేదు. ఆయన మనసులో నన్ను ఢిల్లీ తీసుకుపోవడం మొదలై చాలాకాలమైంది, సగం అయిపోయింది కూడా. ఇంక నేను అడగడానికేం మిగిలింది? ఈ జన్మకు నేను చూడబోయేది రుద్రారమేనని నాకు తెలిసిపోయింది.

కొన్నాళ్లకు పెట్టె పటాన్‌చెరులో మా తమ్ముడి గదికి చేరింది. వాడు అక్కడి కార్ఖానాలో పని చేసేవాడు. వాడి గదిలోనే ఉత్తరాది పనివాడొకడు ఉండేవాడు. గడువు దగ్గర పడ్డాక మా తమ్ముడు వచ్చి, పెట్టెను ఇంకా ముందుకు ఎవరింటికి పంపాలని అడిగాడు. మా ఆయన మార్కెట్టులో ఉన్నారు. మామగారే జవాబు చెప్పారు.

"ఢిల్లీ దిక్కు ఎంత దూరం పోతే అంత మంచిది."

వారం తిరక్కుండానే తమ్ముడు నవ్వుకుంటూ వచ్చాడు. "అక్కా, ఇగ ఫికరు లేదు. మా గదిల పిలగాడు సెలవు మీద ఊరికి పోయిండు. పోతూ పోతూ నీ పెట్టె తీస్కపోయి ఢిల్లీల వాళ్ల అన్న ఇంట్ల పెట్టిండట. అడ్రసుతోని ఉత్తరం రాసిండు."

మామగారు పొంగిపోయి వాడికి బెల్లం పెట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా కంటే ముందు నా పెట్టె ఢిల్లీ చూసింది. ఆ ఇనుప డబ్బా మీద నాకు కలిగినంత అసూయ మరే మనిషి మీదా కలగలేదు.

మా ఆయన సంగతి వేరు. మార్కెట్టు నుంచి వచ్చి విషయం వినగానే ముఖం మాడిపోయింది. "సామాను ఢిల్లీల పడ్డదా? ఎవడో తెల్వనోని ఇంట్ల?" అని అప్పటికప్పుడు దుకాణం తలుపులు మూశారు. పెళ్లాన్ని తీసుకుపోవడానికి దొరకని తీరిక సామాను తెచ్చుకోవడానికి ఒక్క క్షణంలో దొరికింది. "నేనొక్కన్నే జల్దీ పోయి పట్టుకొస్త" అన్నారు.

చేతిదాకా వచ్చిన ఢిల్లీ జారిపోయిందనుకున్నాను. కానీ మామగారు ఒప్పుకోలేదు. "ముహూర్తం అందరి పేరు మీద పెట్టినం. అందరం పోయి పెట్టెను ముట్టుకుంటెనే ప్రయాణం పూర్తయినట్టు. ఒక్కనివి పోతే అరిష్టం" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ ముసలాయన కాళ్లకు మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను.

అలా సికింద్రాబాదులో రైలెక్కి ఐదుగురం ఢిల్లీలో దిగాం. ఆ అన్నగారి ఇల్లు ఒక ఇరుకు సందులో ఉంది. మంచం కింద మా పెట్టె చెక్కుచెదరకుండా ఉంది. వరుసగా అందరం ముట్టుకున్నాం. మా ఆయన తాళం లాగి చూసి, "హమ్మయ్య, దొరికింది. రేపటి రైలుకు వాపస్ పోదాం. దుకాణం బంద్ ఉన్నది" అన్నారు.

నేను పెట్టె తెరిచి పట్టుచీర, పిల్లల బట్టలు తీసుకున్నాను. మళ్లీ తాళం వేశాను.

"స్టేషన్ల సామాన్లు దాచే గది ఉన్నదట. ఈ పెట్టెను తీస్కపోయి అండ్ల పెట్టి రాండ్రి. మీ దుకాణానికి మనం బయలుదేరినట్టే" అన్నాను.

"మరి నువ్వు?"

"పెట్టె బయలుదేరింది గద. నేను జెర సూసి వస్త."

ఆయన తండ్రి వైపు చూశారు. మామగారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. ఎటు నుంచి వెతికినా తప్పు దొరకలేదు. "కోడలు చెప్పింది శాస్త్రమేరా" అన్నారు చివరికి.

మా ఆయన పెట్టె భుజాన పెట్టుకొని స్టేషనుకు వెళ్లి వచ్చారు. మర్నాడు నేను పట్టుచీర కట్టుకొని కుతుబ్ మీనార్ ముందు నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. చుట్టూ ఎంతో జనం ఉన్నారు, వాళ్లలో ఒక్కరూ నన్ను ఎరగరు. పక్కన మా ఆయన కూడా నోరు తెరుచుకొని పైకి చూస్తున్నారు. చాలాసేపు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మధ్యాహ్నం దాటినా, అన్నం సంగతి కూడా అడగలేదు.